గడప దగ్గర చెంబెడు నీళ్లు

సంచి సర్దడం సోమవారం మధ్యాహ్నమే మొదలుపెట్టాను. ప్రయాణం మంగళవారం పొద్దున మొదటి బస్సుకు. నాకు ప్రయాణమంటే చిన్నప్పటినుంచీ భయం. ఎవరు ఊరికి పోతున్నా వాళ్ల సంచి ఒకటికి రెండుసార్లు విప్పి చూస్తాను. ఆ రోజు మూడుసార్లు విప్పాను. రెండు ధోతులు, ఒక ఖాకీ అంగీ, మూతి తుడవడానికి పాత చీర చించిన గుడ్డలు, వేయించి విసిరిన బియ్యపు పిండి ఒక డబ్బాలో, పాలగుండ ఒక పొట్లంలో, సత్తు గిన్నె, చిన్న ఇత్తడి చెంచా, వీపు వెనక పెట్టడానికి దిండు. అన్నిటికంటే పైన, చేతికి వెంటనే అందేటట్టు, నవోమి సిస్టరు రాసిచ్చిన చీటీ. అది నాలుగు మడతల దగ్గర చినగడానికి వచ్చింది.

నీళ్లు మాత్రం పెట్టలేదు. మే నెలలో మెదక్ నుంచి హైదరాబాదుకు నీళ్లు లేకుండా పోయేవాళ్లు ఎవరుంటారు? మేం పోవాలి. ఆయన ముందు నీళ్లు కనబడకూడదు.

మా ఆయన బస్సు కండక్టరు. నిజాం కాలంలో బస్సులు ఇంకా రైల్వేవాళ్ల కింద ఉన్నప్పుడే చేరాడు. మెదక్ నుంచి నర్సాపూర్ మీదుగా హైదరాబాదుకు, మళ్లీ వెనక్కి. ఇరవై ఎనిమిదేళ్లు అదే దారి. ఊరంతా ఆయన్ని పేరు పెట్టి పిలిచేది. నేను మాత్రం ఎన్నడూ ఆ పేరు పలకలేదు. మా దగ్గర ఆడవాళ్లు పలకరు.

ఆయన డ్యూటీకి పోయేముందు గడప మీద నిలబడి చెంబెడు నీళ్లు తాగి పోయేవాడు. అది మా అత్త పెట్టిన అలవాటు. ఇంట్లోనుంచి దూరం పోయే మనిషి ఎండిన గొంతుతో గడప దాటకూడదని ఆమె పట్టు. ఆమె ఉన్నన్నాళ్లు ఆమే చెంబు అందించేది, పోయినంక నేను. ఆయన ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, తల వెనక్కి వంచి, చెంబు జానెడు ఎత్తు లేపి, పెదవికి తగలకుండా ధారగా పోసుకునేవాడు. గటగటా దిగేవి. చుక్క అంగీ మీద పడేది కాదు. ఖాళీ చెంబు నా చేతికిచ్చి, వీధిలోకి దిగుతూ "రైట్" అనేవాడు, బస్సుకు చెప్పినట్టే. మా బిడ్డ సుశీల చిన్నప్పుడు ఆ మాటకే లేచేది.

ఆ ఏడు హోళీ పోయిన వారానికి, నర్సాపూర్ స్టాండులో టికెట్టు చింపి ఇస్తూ ఇస్తూ ఆయన చేతిలోని కట్ట జారవిడిచాడు. వంగి తీసుకోబోయి అట్లాగే పడిపోయాడు. డ్రైవరు బద్రుద్దీన్ ఎవరినీ అడగలేదు. బస్సు నిండా జనం ఉండగానే వెనక్కి తిప్పి మెదక్ దవాఖాన ముందు తెచ్చి ఆపాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకు లాగింది. మాట పోయింది.

మొదటి నాలుగు రోజులు ముక్కులోనుంచి రబ్బరు గొట్టం వేసి పాలు పోశారు. అయిదో రోజు కళ్లు తేటపడ్డాయి. నన్ను గుర్తుపట్టాడు. ఏదో చెప్పబోయాడు. పెదవులు కదిలాయి, మెడ నరాలు ఉబ్బాయి, చివరకు వచ్చిన మాట "రైట్". మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అదే. తన నోట్లోనుంచి వచ్చినదాన్ని తానే విని ఆశ్చర్యపోయినట్టు చూశాడు. నేను ఏడవలేక నవ్వాను.

దవాఖానలో మమ్మల్ని చూసుకున్నది నవోమి సిస్టరు. నాకంటే చిన్నది, నలభై ఉండవు. నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

"ఆయనకు మతి పోలేదు బాలవ్వా. మనం చెప్పేదంత సమజైతుంది. మాట బయటికొచ్చే దారే తెగింది. పిచ్చోనితోని మాట్లాడినట్టు మాట్లాడకుండ్రి, మస్తు బాధపడుతడు."

తర్వాత గొంతు సంగతి చెప్పింది. అది నాకు అప్పటిదాకా తెలియదు. మింగడం కూడా ఒక పనే అని, అది కూడా పోతుందని ఎవరనుకుంటారు? గొంతులో రెండు దారులుంటాయట, ఒకటి కడుపుకు, ఒకటి ఊపిరికి. మింగేటప్పుడు ఊపిరి దారి మీద మూత పడుతుంది. ఆయనకు ఆ మూత ఆలస్యంగా పడుతున్నది. నీళ్లు ఉరుకుతాయి కాబట్టి మూత పడేలోపలే ఊపిరి దారిలోకి జారిపోతాయి. జావ మెల్లగా జరుగుతుంది, మూతకు సమయం దొరుకుతుంది.

"దగ్గొస్తే మంచిదే, బయటికొస్తయి. ఈయనకు దగ్గు గూడ సక్కగ వస్తలేదు. సప్పుడు లేకుంట లోపలికి పోతయి. పోయినట్టు మనకు ఎరుకనే కాదు, ఆఖరికి ఊపిరితిత్తులు చెడి జరమొస్తది. గందుకే భయం."

నాకు చదువు వచ్చునని తెలిసి సంతోషపడి చీటీ రాసిచ్చింది. నిటారుగా కూర్చోబెట్టి గడ్డం ఛాతీవైపు వంచాలి. చెంచాలో సగమే పెట్టాలి. గొంతు ముందరి బుడిపె పైకి లేచి కిందికి దిగిందాకా ఆగాలి. రెండు చెంచాలకు ఒకసారి ఆయనతో ఏదో ఒక మాట అనిపించాలి. మాట పొడిగా వస్తే ఇంకో చెంచా, తడిగా వస్తే ఆపాలి. తిన్నంక అరగంట పడుకోబెట్టకూడదు. నీళ్లు, చాయ, మజ్జిగ, చారు, పలచటివి ఏవీ ఇవ్వకూడదు. దాహమైతే నీళ్లలో పాలగుండ కాచి, చిక్కబడ్డాక చల్లార్చి, చెంచాతో. చివరి వాక్యం కింద రెండు గీతలు గీసింది.

తడి మాట అంటే ఏమిటని అడిగాను. మడుగులో మునిగి మాట్లాడినట్టు ఉంటుంది, వింటే నీకే తెలుస్తుందని అన్నది. నిజంగానే తెలిసింది. రెండు వారాల దవాఖాన తర్వాత ఇంట్లో నలభై రోజులు ఆయన "రైట్" వినీ వినీ నా చెవి ఎంత నేర్చిందంటే, పక్క గదిలోనుంచి విని చెప్పేదాన్ని, గొంతులో జావ మిగిలిందో లేదో.

నా చదువు బళ్లో నేర్చింది కాదు. బస్సు ముందర బోర్డుల మీద అక్షరాలు చూసి, అది ఏ ఊరి బస్సో ముందే తెలుసు కాబట్టి, ఏ అక్షరం ఏమిటో నేనే కూర్చుకున్నాను. తర్వాత పొట్లాల కాయితాలు. ఆయన వెక్కిరించేవాడు, చదివి ఏం చేస్తావు, నా వెంట వచ్చి టికెట్లు కొడతావా అని. అయినా సీట్ల మీద ఎవరైనా వదిలేసిన పేపరు మడిచి, సంచి అడుగున పెట్టి తెచ్చేవాడు. తెచ్చానని చెప్పేవాడు కాదు. కూరగాయల కింద దొరికేది.

ఇంటికి వచ్చినంక ఒకరోజు పలక మీద నీళ్లు అని ఒకటి, జావ అని ఒకటి రాసి ఆయన ముందు పెట్టాను. ఏది కావాలో వేలు పెట్టి చూపిస్తాడనుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు ప్రతి రాత్రి లెక్కల కాయితం నింపిన మనిషి పలక తలకిందులుగా ఉన్నట్టు దానివైపు చూశాడు. పలకను తిప్పాడు. మళ్లీ తిప్పాడు. అక్షరాలు కూడా పోయాయని ఆయనకు అప్పుడే తెలిసింది, నాకూ అప్పుడే తెలిసింది. ఎడమ చేత్తో పలకను మెల్లగా పక్కకు నెట్టాడు. నేను మళ్లీ దాన్ని బయటికి తీయలేదు.

ఆకలి తీర్చగలిగాను. దాహం తీర్చలేకపోయాను. పాలగుండ జావ ఎంత పెట్టినా అది నీళ్లు కాదు కదా. ఎండలు ముదిరాయి. వాకిట్లో ఉండే నీళ్ల రంజన్‌ను వెనక దొడ్లోకి మార్చాను. ఆయన ముందు నేను నీళ్లు తాగడం మానేశాను. అయినా పక్కింటివాళ్లు బిందె ముంచిన చప్పుడుకు ఆయన తల అటు తిరిగేది. తర్వాత నావైపు తిరిగేది. అనగలిగితే తిట్టేవాడేమో, అదైనా బాగుండేది.

ప్రయాణానికి పది రోజుల ముందు మా వదినె పెంటమ్మ ఎల్దుర్తి నుంచి వచ్చింది. ఆయనకు అక్క. తల్లి పోయినంక తల్లిలాగా చూసింది. వచ్చిన రోజే తమ్ముడి పెదవులు పగిలి ఉండడం చూసి నన్ను అడిగింది. నేను చీటీ తీసి మొదటినుంచి చివరదాకా చదివి వినిపించాను. ఆమె విన్నది. విని, పక్కింటివాళ్లకు వినబడేటట్టు అన్నది:

"సదువొచ్చిన పెండ్లాం దొరికె నా తమ్మునికి. కాయితం సూసి మొగనికి నీళ్లు బంద్ పెట్టింది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. చూడవచ్చిన చుట్టాలందరికీ ఆమె అదే చెప్పేది. అందరూ ఆయన పెదవులు చూసేవాళ్లు, తర్వాత నా మొహం చూసేవాళ్లు. ఎండాకాలంలో గేదెకైనా నీళ్లు పెడతారు కదా అని ఒకామె గొణిగింది. నేను అందరికీ గొంతులో రెండు దారుల సంగతి చెప్పేదాన్ని. మొదట్లో ఓపిగ్గా చెప్పాను, తర్వాత కోపంగా చెప్పాను, ఆ తర్వాత చెప్పడం మానేశాను.

బద్రుద్దీన్ వారానికి రెండుసార్లు వచ్చి కూర్చునేవాడు. ఆయన మొహంలో నవ్వు కనబడేది ఆ పూటే.

"నువ్వు రైట్ అనంగనే నా కాలు గేరు దిక్కు పోతది భాయ్. ఈడ బండి ఏడున్నది? ఉత్త మంచమున్నది. మంచం తోలుకొని పోమంటవా సికింద్రాబాద్?"

ఆయన భుజాలు కదిలేటట్టు నవ్వి "రైట్" అనేవాడు. పొడి మాట. నేను లోపలినుంచి విని ఇంకో రెండు చెంచాలు పెట్టేదాన్ని.

హైదరాబాదులో ఒక దవాఖానకు మాటలు పోయినవాళ్లకు మళ్లీ మాటలు నేర్పే డాక్టరమ్మ వస్తుందని కనుక్కొచ్చింది బద్రుద్దీనే. మంగళవారం, శుక్రవారం వస్తుందట. నవోమి సిస్టరును అడిగితే తప్పకుండా పొమ్మన్నది. మాటలతోపాటు మింగడం కూడా ఆమె చూస్తుందన్నది. ఒక్క సంగతి గట్టిగా చెప్పింది. దారిలో ఆకలైతే కానీయండి, దాహమైతే కానీయండి, ఆ డాక్టరమ్మ చూసిందాకా నీళ్లు మాత్రం వద్దు. నేను ఆమె చెయ్యి పట్టుకుని సరేనన్నాను. నలభై రోజులు కాపాడినదాన్ని, ఇంకొక్క పూట కాపాడలేనా అనుకున్నాను.

మంగళవారం తెల్లవారుతుండగా బద్రుద్దీన్ ఖాళీ బస్సును స్టాండుకు తీసుకుపోకుండా నేరుగా మా వీధి మొదట్లోకి తెచ్చి నిలబెట్టాడు. అట్లా తేకూడదు, కానీ తెచ్చాడు. ఆయనకు ధోతి కట్టి, మామూలు అంగీ తొడగబోతే వద్దని నెట్టాడు. సంచిలోనుంచి ఖాకీ అంగీ తీసి చూపిస్తే తల ఊపాడు. అంగీ వేసి, తల దువ్వి, ఒక పక్క నేను, ఒక పక్క బద్రుద్దీన్ పట్టుకుని నడిపించాం. సంచి వదినె పట్టుకున్నది.

గడప దగ్గర ఆగిపోయాడు.

కాలు పడక ఆగాడనుకుని బద్రుద్దీన్ ఎత్తబోయాడు. అది కాదు. ఎడమ కాలు బయట పెట్టి, కుడి కాలు లోపలే ఉంచి నిలబడ్డాడు. నావైపు తిరిగి ఎడమ చెయ్యి చాచాడు. అరచెయ్యి పైకి, వేళ్లు కొంచెం వంచి. చెంబు పట్టుకునే చెయ్యి. అత్త పోయినంక రోజూ నా ముందుకు వచ్చిన చెయ్యి అది. అప్పుడు కుడిది, ఇప్పుడు ఎడమది, అంతే తేడా.

నాకు అర్థమైంది. అర్థం కానట్టు, నడువుండ్రి బస్సున్నది అన్నాను. ఆయన కదలలేదు. చెయ్యి దించలేదు.

వదినె సంచి కింద పెట్టి దొడ్లోకి పోయింది. రంజన్ మూత చప్పుడైంది. నిండు చెంబు తెచ్చి నాకు ఇచ్చింది. ఆయనకు ఇవ్వలేదు, నాకే ఇచ్చింది.

"ఇయ్యి బాలవ్వా. మా అవ్వ ఒక్కనాడు గూడ ఎండిన గొంతుతోని తోలలేదు. ఇయ్యాల నువ్వు తోలితే, మల్ల నా తమ్ముడు గీ గడప తొక్కకపోతే, గా పాపం ఎవలది?"

వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. నలభై రోజులుగా ఎవరేం అడిగినా ఆయన బదులు నేనే జవాబు చెప్పాను. ఆకలైందా అంటే నేనే చెప్పాను, నొప్పి ఉందా అంటే నేనే చెప్పాను. ఆ రోజు ఆయన తన నోటితో కాకపోయినా తన చేత్తో అడిగాడు. ఇదంతా ఇప్పుడు అనుకుంటున్నాను. అప్పుడు అనుకున్నది ఇంతే: అందరూ చూస్తున్నారు, నేను మొగుడికి నీళ్లివ్వని ఆడదాన్ని అవుతున్నాను.

కొంచెమే పోద్దామనుకున్నాను. గడ్డం వంచి చెంచాతో పోయాలని కూడా గుర్తుంది. కానీ చెంబు కనబడగానే ఆయన తల వెనక్కి వంచి, కళ్లు మూసి, నోరు తెరిచాడు, రోజూ లాగానే. నేను చెంబు జానెడు ఎత్తు లేపి ధారగా పోశాను.

ఒక గుక్క దిగింది. రెండోది దిగింది. బుడిపె లేచి దిగడం చూశాను. మూడోదానికి లేవలేదు. నీళ్లు మాత్రం పోతూనే ఉన్నాయి. చెంబు దించాను. దగ్గుతాడని ఎదురుచూశాను. దగ్గలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, మొహం ఎర్రబడింది, అంతే. తర్వాత నవ్వాడు. పగిలిన పెదవులు తడిసి మెరిశాయి.

"సూసినవా, ఏమాయె?" అన్నది వదినె.

ఆయన వీధిలోకి చూసి "రైట్" అన్నాడు.

తడి మాట. మడుగులో మునిగి అన్నట్టు.

బద్రుద్దీన్‌కు అది తెలియలేదు. సంతోషంతో ఆయన్ని దాదాపు ఎత్తుకుని బస్సెక్కించాడు. నా చేతిలో చెంబు ఉంది, అందులో సగం నీళ్లు ఉన్నాయి. దవాఖాన అదే దారిలో ఉంది. సిస్టరు ఆ పొద్దున డ్యూటీలోనే ఉంది. బస్సు ఒక్క నిమిషం ఆపమని అంటే బద్రుద్దీన్ ఆపేవాడు. నేను చెంబు లోపల బోర్లించి, తాళం వేసి, సంచి పట్టుకున్న వదినె వెనక బస్సెక్కాను.

ఆయన్ని కండక్టరు సీటులోనే కూర్చోబెట్టారు. కొత్త కండక్టరు నిలబడి టికెట్లు కొట్టాడు. స్టాండులో ఎక్కినవాళ్లు ఆయన్ని చూసి పలకరించారు. బస్సు కదలాల్సినప్పుడు బద్రుద్దీన్ వెనక్కి తిరిగి ఆగాడు. ఆయన "రైట్" అన్నాడు. అప్పుడు బస్సు కదిలింది. జనం నవ్వారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. కొల్చారంలో అట్లాగే, కౌడిపల్లిలో అట్లాగే. ప్రతి స్టేజీలో ఆయన మాట కోసం బస్సంతా ఎదురుచూసింది. నేనూ ఎదురుచూశాను, వేరే దానికోసం. కొల్చారంలో తడి. కౌడిపల్లిలో తడి. నర్సాపూర్ వచ్చేసరికి మాట కింద గురగుర చేరింది. తర్వాత అడవి దారిలో రెండు మూడుసార్లు చిన్నగా దగ్గాడు. గుమ్మడిదల దాటినంక చెయ్యి ముట్టుకుంటే వెచ్చగా ఉంది. ఎండకు అనుకున్నాను. ఎండకేనని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

డాక్టరమ్మ సన్నగా, పెద్ద కళ్లద్దాలతో ఉంది. కోస్తా మాట. ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని, తొందర లేనట్టు, ఒకటి రెండు మూడు అని తనతో కలిసి లెక్కపెట్టించబోయింది. ఆయన "రైట్" అన్నాడు. పాట పాడించబోయింది. "రైట్". ఆమె నన్ను అడిగింది, ఈయన రోజూ వరసగా చెప్పేది ఏమైనా ఉందా అని. నేను స్టేజీల పేర్లు అన్నాను. ఆమె నన్నే మొదలుపెట్టమన్నది.

"మెదక్," అన్నాను.

ఆయన నా నోటివైపు చూశాడు. "మెదక్," అన్నాడు. అని ఆగలేదు. "కొల్చారం... కౌడిపల్లి... నర్సాపూర్..."

యాభై నాలుగు రోజుల తర్వాత రెండో మాట. మూడో మాట. నాలుగో మాట. వదినె నా భుజం పట్టుకుని కూర్చుండిపోయింది. డాక్టరమ్మ నవ్వి, దారి పూర్తిగా మూసుకుపోలేదమ్మా, ఆరు నెలలు పట్టవచ్చు, వారానికి రెండుసార్లు తీసుకురండి అన్నది. మా ఇల్లు, మా వీధి, ఆయన తిట్లు, ఆయన వెక్కిరింపులు అన్నీ నాకు మళ్లీ దొరికినట్టయింది.

అప్పుడే ఆమె చెవి ఆయన గొంతు దగ్గర పెట్టింది.

"గొంతు గరగరలాడుతోంది. పొద్దున ఏం పెట్టారు?"

నేను సంచి తెరిచి చీటీ ఇచ్చాను. ఆమె మొత్తం చదివింది. ఎవరు రాశారో గానీ చాలా బాగా రాశారన్నది. ఇంట్లో ఇంత శ్రద్ధగా చూసుకునేవాళ్లు అరుదన్నది.

"ఇందులో ఉన్నట్టే పెట్టారా? నీళ్లేమైనా తాగారా?"

ఆ ప్రశ్నకు జవాబు నా నోట్లో ఉంది. ఆయనకు మాటలు రావు, నాకు వస్తాయి. ఆ గదిలో ఆయన బదులు చెప్పాల్సిన మనిషిని నేనే.

"లేదు," అన్నాను. "చీటీల ఉన్నట్టే."

ఎందుకు అట్లా అన్నానో ఇన్నేళ్లుగా వెతుక్కున్నాను. శ్రద్ధగా చూసుకున్నానని ఆమె అప్పుడే అన్నది, ఆ మాట నా చేతిలోనుంచి పోతుందని భయం. తప్పు చేసే ఆడదాని చేతికి ఆయన్ని మళ్లీ ఇవ్వరేమోనని భయం. ఇంకా ఏవో భయాలు. మంచి కారణం ఒక్కటీ దొరకలేదు. పక్కన వదినె గాజులు కదలడం ఆగిపోయింది. ఆమె కూడా నోరు తెరవలేదు.

సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది. వార్డులో చేర్చుకున్నారు. డ్యూటీ డాక్టరు వయసు చిన్నవాడు, మంచివాడు. మే నెల ఎండలో అంత దూరం బస్సులో వచ్చారంటే వడదెబ్బే అన్నాడు. చీటీ చూసి నీళ్లేమీ తాగలేదని రాసుకున్నాడు. సెలైను పెట్టి, తడిగుడ్డలు వేయమన్నాడు. నేను వేశాను. బుధవారమంతా వేశాను. గురువారం ఊపిరి వేగమైంది. వచ్చిన ప్రతి నర్సూ ఏమైందని అడిగింది. ప్రతిసారీ చెప్పవచ్చు. ప్రతిసారీ వడదెబ్బ అన్నాను.

గురువారం మధ్యాహ్నం వరండాలో వదినె నా పక్కన కూర్చుంది.

"చెప్తవా బాలవ్వా?"

"చెప్తె ఏమంటరో."

"నిన్నేమంటరు. ఇయ్యమన్నది నేను."

"చెంబు నా చేతిల ఉండె వదినె."

ఆమె లేస్తుందేమోనని నేను, నేను లేస్తానేమోనని ఆమె చూసుకున్నాం. ఇద్దరం లేవలేదు.

శుక్రవారం డాక్టరమ్మ వచ్చింది. స్టేజీల పేర్లు చెప్పిద్దామని ఆయన మంచం దగ్గరికి నవ్వుతూ వచ్చింది. ఆయన ఊపిరి విని నవ్వు ఆపేసింది. ఛాతీకి గొట్టం పెట్టి కుడివైపు చాలాసేపు విన్నది. తర్వాత నావైపు చూసి మెల్లగా, కోపం లేకుండా, అదే ప్రశ్న మళ్లీ అడిగింది.

"తాగిండు," అన్నాను. "మంగళారం పొద్దుగాల. గడప కాడ. నేనే పోసిన."

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేదమ్మా."

అంతే అన్నది. డ్యూటీ డాక్టరును పిలిచింది, సూదిమందులు మార్చారు, ఛాతీ ఫొటో తీయడానికి ఆయన్ని చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. తోసేవాడు కదిలించగానే ఆయన కళ్లు తెరవకుండానే "రైట్" అన్నాడు. గాలికంటే కొంచెం ఎక్కువ వినబడింది. నేను విన్న ఆఖరి మాట అదే.

ఆదివారం దాకా ఉన్నాడు. ఎండ తీవ్రతకు ఆగలేక అక్కడే, మూసీ పక్కన దహనం చేశాం. సుశీల హవేలిఘనపూర్‌లో పచ్చి బాలింత, ఆమెకు తర్వాతనే చెప్పాం. బద్రుద్దీన్ చివరిదాకా ఉండి, నన్నూ వదినెనూ తన బస్సులో తెచ్చాడు. వచ్చేటప్పుడు స్టేజీల దగ్గర బస్సు ఎవరూ ఏమీ అనకుండానే కదిలింది.

మెదక్‌లో అందరికీ వడదెబ్బ అని చెప్పాం. వదినె ఆ మాట మీదనే బతికి, నాలుగేళ్ల తర్వాత ఎల్దుర్తిలో కన్నుమూసింది. పోయేముందు నేను ఆమె దగ్గరే ఉన్నాను. నన్ను చూసి నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. నేను అడగలేదు.

నవోమి సిస్టరు పరామర్శకు వచ్చి నా చేతులు పట్టుకుని, నువ్వు చేయాల్సిందంతా చేశావు బాలవ్వా అన్నది. ఆమెకు కూడా వడదెబ్బ అనే చెప్పాను. నమ్మింది. ఆ తర్వాత పక్షవాతం వచ్చినవాళ్ల ఇళ్లకు ఇవ్వడానికి ఆ చీటీ నకళ్లు రాసిపెట్టమని నన్నే అడిగింది, నా అక్షరం గుండ్రంగా ఉంటుందని. రాశాను. ఎన్నో రాశాను. రేగోడ్ దాకా పోయాయి నా చీటీలు. మొదటి నకలు రాసేటప్పుడే అడుగున ఒక వాక్యం నేనే కలిపాను: ఊరికి పోయేటప్పుడు గడప మీద కూడా నీళ్లు పోయొద్దు, ఎవరు ఇయ్యమన్నా పోయొద్దు, పోస్తే దాచకుండా డాక్టరుకు చెప్పాలి.

సిస్టరు అది చదివి ఇదెక్కడిదని అడిగింది. మా దిక్కు అలవాటు ఉంటది సిస్టరమ్మా అన్నాను. ఆమె కాయితం మీదనుంచి కళ్లెత్తి నావైపు చాలాసేపు చూసింది. తర్వాత చీటీలన్నీ దగ్గరికి తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకుంది. ఆమె బదిలీ అయి పోయిందాకా నేను ఆ సంగతి చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆమె బస్సెక్కిన పొద్దున కూడా సంచి అందించానే గానీ నోరు విప్పలేదు.

అందుకని ఇప్పుడు రాస్తున్నాను. పలకలేని పేరు రాయవచ్చు.

కండక్టరు నర్సింగం 1968 మే 14, మంగళవారం పొద్దున గడప దాటాడు. మే 19, ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు హైదరాబాదులో చనిపోయాడు. తిరిగి రాలేదు.